నలుగురేమనుకుంటారోనన్న చెరలోనుంచి అడ్వర్టయిజింగ్ డిగ్రీలోకి

ఈ మధ్యాహ్నం నన్ను మీ అందరి ముందు నిలబెట్టిన ప్రభువుకు స్తోత్రం. సహోదరీ సహోదరులారా, ఇక్కడ నిలబడి సాక్ష్యం చెప్పినవాళ్లు తాగుడునుంచి విడిపించబడ్డామనో, డాక్టర్లు వదిలేసిన జబ్బునుంచి లేచామనో చెబుతుంటే మనకు ఒళ్లు గగుర్పొడుస్తుంది, కళ్లు తుడుచుకుంటాం. నా దగ్గర అంత పెద్ద సంగతి లేదు. కానీ చెర చెరే కదా, నన్ను బంధించినదాని పేరు 'నలుగురేమనుకుంటారో'. తెనాలిలో నాకు ఊహ తెలిసినప్పటినుంచి నా మెడమీద కూర్చుంది, పెళ్లయ్యాక నాతోపాటే విమానమెక్కింది, సిడ్నీలో దిగి క్వేకర్స్ హిల్‌లో మా ఇంట్లోనే కాపురం పెట్టింది.

దానివల్ల నేను పడ్డ అవస్థ ఏమని చెప్పను. షాపింగ్ సెంటర్లో తెలుగు మొహం కనబడితే చాలు, ట్రాలీలో ఉన్న ఫ్రోజెన్ పరోటాలమీద పాలకూర కట్ట కప్పేదాన్ని. పిల్లల సెంటర్లో వంట చేస్తానని చెప్పడానికి మొహమాటపడి, 'చైల్డ్ కేర్‌లో ఉన్నా' అని అక్కడికి ఆపేసేదాన్ని. బీచ్‌కి వెళ్తే మా ఆయన ప్రభుదాసుగారు, మా అమ్మాయి కెజియా నీళ్లలో ఉండేవాళ్లు, నేను ఒడ్డున చుడీదార్‌లో కూర్చుని అందరి చెప్పులకూ కాపలా కాసేదాన్ని. నీళ్లంటే భయం, తడిసిన బట్టల్లో ఎవరైనా చూస్తారేమోనని అంతకన్నా భయం. నా బాప్తిస్మం రోజున తప్ప నా తల ఎప్పుడూ నీళ్లలో మునగలేదు, ఆ రోజు కూడా పాస్టరు అయ్యగారి చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానంటే నాతోపాటు ఆయన కూడా ఇంకోసారి బాప్తిస్మం తీసుకున్నారు.

ఇలా ఉండగా ఒక ఏడాది మన క్రిస్మస్ భోజనానికి వాట్సాప్‌లో కబురు రాసే పని నామీద పడింది. కింద పేరు వెయ్యరు కదా అన్న ధైర్యంతో మనసు విప్పి రాశాను. ఈ దేశంలో నా మొదటి క్రిస్మస్ రోజు ఒక్కదాన్నే కూర్చుని నూడుల్స్ తిన్న సంగతి రాశాను, గోంగూర మటన్ సంగతి కూడా రాశాను. ఏమైందో మీకు గుర్తే ఉంటుంది. చర్చి గడప ఎన్నడూ తొక్కనివాళ్లు, పక్క వీధి ఐటీ కుర్రాళ్లు, వాళ్ల స్నేహితులు, వాళ్ల స్నేహితుల అత్తగార్లు అందరూ వచ్చేశారు, హాలు నిండిపోతే వరండాలో వడ్డించాం, చివరికి హాలు తాళాలు పెట్టుకునే పెద్దాయన కూడా ఒక ప్లేటు పట్టుకుని వరుసలో నిలబడ్డాడు. ఆ రోజు మా కెజియా, "మమ్, పీపుల్ డూ దిస్ ఫర్ ఎ లివింగ్, యూ నో" అంది, ఇలా రాసే బతికేవాళ్లున్నారు తెలుసా అని. నేను నవ్వేశాను గానీ ఆ మాట నా లోపల పడి కూర్చుంది.

తర్వాత కెజియాకి కోర్సు చూడటానికి ముగ్గురం యూనివర్సిటీ ఓపెన్ డేకి వెళ్లాం, ఆ రోజు ఒక్కో కోర్సుకు ఒక్కో బల్ల వేసి వచ్చినవాళ్లకు వివరాలు చెబుతారు. అది ఫార్మసీ బల్ల దగ్గరకు పోయింది. మా ఆయన ఎటో మాయమయ్యారు, వెతికితే మొక్కల పెంపకం కోర్సు బల్ల దగ్గర దొరికారు, చేతిలో వాళ్లిచ్చిన రంగు కాగితం ఉంది, నన్ను చూసి డ్యూటీ యూనిఫాం జేబులో పెట్టేసుకుని "ఊరికే చూశానే" అన్నారు. నేను పబ్లిక్ రిలేషన్స్, అడ్వర్టయిజింగ్ అని రాసి ఉన్న బల్ల దగ్గర ఆగి, మా అమ్మాయి కోసం అని చెప్పి నాకు కావలసినవన్నీ అడిగేశాను. బల్ల వెనక ఉన్నావిడ ఓపికగా అన్నీ చెప్పి, మరి మీ సంగతేంటి, మీ వయసువాళ్లూ చేరుతున్నారు అంది. సహోదరులారా, దేవుని పిలుపు చాలామందికి వాక్యం వింటుంటే వస్తుంది, నాకు ఆ బల్లల పక్కన సాసేజ్‌లు కాల్చి అమ్ముతున్న పొగలో వచ్చింది. ఎవరేమనుకుంటారోనని పుట్టినప్పటినుంచీ కనిపెట్టుకుని ఉన్నదాన్ని, దానికి ఒక డిగ్రీ కూడా ఉందని తెలిశాక నేనెలా ఊరుకుంటాను?

చేరతానని శుక్రవారం ప్రార్థన కూటంలో చెప్పాను, అక్కడ మొదలైంది. మన ఎస్తేరమ్మ ఆంటీ మీకు తెలియనివారు కాదు. నర్సుగా చేసి రిటైరయ్యారు, మనలో సగంమందిని నర్సింగులోనూ, వృద్ధులను చూసుకునే కోర్సుల్లోనూ చేర్పించి బతుకు చూపించారు, నాకు కూడా ఒక సీటు చూసిపెట్టారు. మనం ఎవరినీ మొహంమీద ఏమీ అనం, అనాల్సిందేదో ప్రార్థనలో అంటాం. ఆంటీ కళ్లు మూసుకున్నారు.

"ప్రభువా, మా రత్నని నీ సన్నిధిలో పెడుతున్నాం తండ్రీ. పిల్ల మంచిదే. ఈ వయసులో పోయి కూతురి ఈడువాళ్ల పక్కన కూర్చుంటానంటోంది. అడ్వర్టయిజింగంట, సబ్బులకీ షాంపూలకీ అబద్ధాలు చెప్పే చదువంట. నర్సింగులో ఎంత సేవ ఉందో నీకు తెలుసు దేవా, దానికి కూడా కాస్త తెలియజెప్పు."

అందరూ ఆమేన్ అన్నారు. నా వంతు వచ్చింది, నేనూ కళ్లు మూసుకున్నాను.

"ప్రభువా, ఆంటీని బట్టి నీకు వందనాలు. రక్తం చూస్తే నాకు కళ్లు తిరుగుతాయని నీకు తెలుసు తండ్రీ, ఆంటీకి కూడా గుర్తుచెయ్యి. నీ కబురు నలుగురికీ అందాలంటే చెప్పడం నేర్చినవాళ్లు కావాలి కదా దేవా."

దీనికి ఆమేన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఇలా వారం వారం ఆంటీ పైకి ఒక అర్జీ పంపేవారు, వెనకే నేనొకటి పంపేదాన్ని, మధ్యలో ప్రభువు ఎంత ఇబ్బంది పడ్డాడో ఆయనకే తెలియాలి. మా ఆయన బస్సు నడుపుతారు, ఆయనకు మాటలు తక్కువ. తన వంతు రాగానే "నీ చిత్తం ప్రభువా" అని ఒక్క ముక్క చెప్పి తప్పుకునేవారు.

చేరడమైతే చేరాను గానీ ఆంటీ ప్రార్థన నా చెవిలో పోరుపెడుతూనే ఉంది. మొదటిరోజు క్లాసులోకి వెళ్లగానే నన్ను టీచరనుకుని పిల్లలందరూ మాటలు ఆపేశారు, నేను నడుచుకుంటూ పోయి ఆఖరి వరుసలో కూర్చునేదాకా ఎవరూ నోరు మెదపలేదు. ఆ తర్వాత నా ఇంగ్లీషు విని ఏమనుకుంటారోనని నేను మెదపలేదు. చివరికి మన విశ్వాసుల అలవాటు ప్రకారం దేవుణ్ని ఒక గుర్తు అడిగాను. "తండ్రీ, సెమిస్టర్ ఆఖర్లో అందరి ముందూ నిలబడి ఒక ప్రచారం గురించి చెప్పాలి. అందులో పాసైతే ఈ చదువు నువ్విచ్చిందని నమ్ముతాను. తప్పితే నోరు మూసుకుని ఆంటీ చూసిన సీటులో చేరతాను" అని మాటిచ్చేశాను. ఇచ్చాక, ఎందుకిచ్చానా అనుకున్నాను. ఎందుకంటే నాకు ఆ చదువు నిజంగా కావాలి, నాకోసమని నేను దేన్నీ అంతగా కోరుకోలేదు.

మాకిచ్చిన పని ఏమిటంటే, ఊరి ఈతకొలనులో పెద్దవాళ్లకు ఈత నేర్పే క్లాసు ఒకటుంది, దానికి ఎవరూ రావడంలేదు, వచ్చేలా చెయ్యాలి. నా గ్రూపులో ఇంకో ఇద్దరు పిల్లలు, చూపించాల్సిన బొమ్మలన్నీ వాళ్ల లాప్‌టాప్‌లో ఉన్నాయి. ఆ రోజు పట్టాలమీద పని జరుగుతోందని రైలుకు బదులు బస్సులు వేశారు, వాళ్లిద్దరూ ఆ బస్సులో ఇరుక్కుపోయారు. నన్ను మా ఆయన కార్లో దింపారు కాబట్టి నేనొక్కదాన్నే టైముకు చేరాను. కొలను మేనేజరు ట్రేసీ వచ్చి ముందు వరుసలో కూర్చుంది, ఆవిడ త్వరగా వెళ్లిపోవాలట. మా ట్యూటర్ గ్రెగ్ నావైపు చూసి, "రత్నా, యూ హ్యాపీ టు కిక్ ఆఫ్?" అన్నాడు, నువ్వు మొదలుపెడతావా అని. హ్యాపీ ఏమిటి నా మొహం. వెనక గోడ ఖాళీ, చేతులు ఖాళీ, బుర్ర అంతకన్నా ఖాళీ.

పదిమంది ముందు నిలబడి మాట్లాడటం నాకు ఒక్క పద్ధతిలోనే తెలుసు. నోరు తెరిచాను, సాక్ష్యం వచ్చేసింది. ముందు చీకటి రోజులు చెప్పాను. ఒడ్డున చెప్పులకు కాపలా కాయడం చెప్పాను. కెజియా చిన్నప్పుడు ఒకసారి అలకు దొర్లిపడితే, నీళ్లలోకి ఒక్క అడుగు వెయ్యలేక అక్కడే నిలబడి కేకలు పెట్టానని, ఎవరో పరాయి మనిషి దాన్ని ఎత్తుకొచ్చి నా చేతిలో పెట్టాడని చెప్పాను. అది చెబుతుంటే ఇంగ్లీషు ఎక్కడినుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. మరి సాక్ష్యం అయ్యాక ఆహ్వానం ఉండాలి కదా, అలవాటున నోటికి అది కూడా వచ్చేసింది. అందరూ తలలు వంచండి, కళ్లు మూసుకోండి, ఎవరూ ఎవరినీ చూడొద్దు, నీళ్లంటే భయం ఉన్నవాళ్లు మెల్లగా చెయ్యి ఎత్తండి అన్నాను.

అన్నాక గానీ నేనెక్కడున్నానో గుర్తురాలేదు. కానీ ఈ ఆస్ట్రేలియావాళ్లు ఎంత మర్యాదస్థులో చూడండి, మారుమాట లేకుండా క్లాసు మొత్తం తలలు వంచింది. మెల్లగా ఒక చెయ్యి లేచింది, కాసేపటికి ఇంకొకటి, ఆ మూలనుంచి మరొకటి. నేను అచ్చం అయ్యగారిలాగే "చూశాను బాబూ, దించు, గాడ్ బ్లెస్ యూ" అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషులో అంటూ పోయాను. ఎవరెవరివో చెప్పను, కళ్లు మూయించింది అందుకే. మార్కులు వేసే చెయ్యి అందులో ఉందో లేదో అసలే చెప్పను.

కళ్లు తెరిచాక ట్రేసీ ఒక్కటే అడిగింది, ఇంతమందికి భయం ఉంటే మరి నా కొలనుకు ఎందుకు రారు అని. దానికి జవాబు నాకు బాగా తెలుసు. మీ కొలనుకు నాలుగువైపులా అద్దాలే, అవతల తల్లులందరూ కాఫీ తాగుతూ చూస్తుంటారు, శనివారం ఒక గంటసేపు తెరలు దించండి, లోపల ఏం జరిగిందో ఎవరికీ తెలియదని ముందే చెప్పండి, వస్తారు అన్నాను. నా గ్రూపు పిల్లలు చెమటలు కక్కుతూ పరిగెత్తుకొచ్చేసరికి ఆవిడ అది రాసుకుంటోంది.

మార్కులు వచ్చాయి. ఖర్చుల సంగతి చెప్పలేదు, ఎక్కడెక్కడ ప్రచారం చేస్తారో చెప్పలేదు, ఆలోచన మాత్రం బాగుంది అని రాసి బొటాబొటిగా గట్టెక్కించారు. నేను ప్రభువును పాస్ అడిగాను, ఆయన సరిగ్గా పాసే ఇచ్చాడు, పైన ఒక్క మార్కు వెయ్యలేదు. అప్పటినుంచి కాస్త పెద్దగా అడగడం నేర్చుకున్నాను. అయినా సరే దేవునికే మహిమ.

ట్రేసీ నిజంగానే తెరలు కట్టించి, మొదటి శనివారం నువ్వూ రావాలి అంది. అందరినీ పిలిచి నేను ఎగ్గొడితే ఏం బాగుంటుంది? కూటంలో చెప్పగానే ఎస్తేరమ్మ ఆంటీ కళ్లు మూసుకుని, "ప్రభువా, సముద్రాన్ని చీల్చి నీ ప్రజల్ని పొడినేలమీద నడిపించావు, ఇది మాత్రం తడిలోకే పోతానంటోంది" అని మొరపెట్టారు. మొరపెట్టి, నాకు తోడుగా వచ్చారు. ఒడ్డున కూర్చుని తెరలు నాలుగువైపులా సరిగ్గా మూసి ఉన్నాయో లేదో చూశారు, లేచి ఒకదాన్ని ఇంకాస్త లాగారు, తర్వాత సంచిలోంచి పొడుగు చేతుల ఈత బట్టలు తీశారు. కొత్తవి, ముందే కొనుక్కుని తెచ్చుకున్నారన్నమాట.

నేర్పే అమ్మాయి ఆంటీని వెల్లకిలా పడుకోమంది, నడుం కింద నన్ను చెయ్యి పట్టమంది. ఆంటీ గట్టిగా కళ్లు మూసుకున్నారు, పెదవులు కదులుతున్నాయి. ఆమె సెలవిస్తేనే ఇది ఇక్కడ చెబుతున్నాను. "తండ్రీ, నాకు సంగీతం చదవాలని ఉండేది. ఆడపిల్ల పాటలు పాడుకుంటూ తిరిగితే నలుగురేమనుకుంటారోనని మా నాన్న నర్సింగులో వేశాడు. అక్కడ నువ్వు నన్ను వాడుకున్నావు, కాదనను. కానీ ఈ పిల్లని నేను ఆపబోయాను ప్రభువా. దాన్ని చదువుకోనియ్యి." నాకు ఏడుపు ఆగలేదు, మొహమంతా తడిగానే ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఆ ఏడుపులో ఆంటీ కింద పట్టిన చెయ్యి తీసేశానని నాకూ తెలియలేదు. చూస్తే ఆమె తేలుతూనే ఉన్నారు.

సహోదరులారా, నేనిప్పుడు రెండో సంవత్సరంలో ఉన్నాను. ఇక్కడికి సబ్బు అమ్మడానికి రాలేదు, నన్ను ఆ చెరలోనుంచి నడిపించినవాడు మిమ్మల్నీ నడిపిస్తాడని, ఆయన్ని నమ్మండని చెప్పడానికి వచ్చాను. అందరూ తలలు వంచండి, కళ్లు మూసుకోండి, ఎవరూ ఎవరినీ చూడొద్దు. నలుగురేమనుకుంటారోనని మనసులో దాచిపెట్టుకున్న కోరిక ఏదైనా ఉంటే, ఈ రోజు దాన్ని ప్రభువు చేతిలో పెడదామనుకుంటే, మెల్లగా చెయ్యి ఎత్తండి. నేనొక్కదాన్నే చూస్తాను. చూశాను తమ్ముడూ, దించు. చూశాను అక్కా. ఆ వెనక సౌండ్ బాక్స్ దగ్గర, ఏవండీ, మీదీ చూశాను, దించండి. అందరూ కళ్లు మూసుకున్నారు, ఎవరికీ తెలియదు లెండి. ఆ మొక్కల కోర్సు కాగితం మీ యూనిఫాం జేబులో ఇంకా అలాగే ఉంది, ఉతికిన ప్రతిసారీ తీసి, ఆరాక మళ్లీ అక్కడే పెడుతున్నాను.