ఆడపిల్లల బెంచీ మీద మా అవ్వ

ఇప్పుడు నా నోటికి మా ఇల్లే కాదు, మా వీధి కూడా జడుస్తుంది. కూరగాయలవాడు నన్ను దూరంనుంచి చూడగానే ధర తగ్గించుకుంటాడు. అలాంటి నేను కాలేజీలో చేరిన మొదటి ఏడాది తరగతిలో నోరే విప్పలేదంటే మనవరాళ్లు పడీపడీ నవ్వుతారు. నవ్వనీ. మేము తరగతిలోకి ఎలా వెళ్లేవాళ్లమో వాళ్లేం చూశారు గనక.

అరవైల నాటి మాట. కరీంనగర్‌లో మా తరగతికంతా ఆడపిల్లలం నలుగురమే. మాకోసం వరండా చివర ఒక చిన్న గది ఉండేది, తలుపుకు పరదా. గంట కొట్టినా మేము కదలకూడదు. లెక్చరర్ వచ్చి పరదా బయట నిలబడి దగ్గేవాడు. అప్పుడు మేము లేచి, తలలు వంచుకుని, ఆయన వెనకే తరగతిలోకి నడిచి గోడపక్క బెంచీ మీద కూర్చునేవాళ్లం. పాఠం అయిపోగానే మళ్లీ ఆయన వెంబడే బయటికి. మగపిల్లలు దీనికి ‘కోడి, పిల్లలు’ అని పేరు పెట్టారు. మాకు వినపడేటట్టే అనేవాళ్లు, సచ్చినోళ్లు.

శనివారం మధ్యాహ్నం మా తెలుగు సారు పాఠం చెప్పకుండా సభ పెట్టించేవాడు. ఆయనది కృష్ణా జిల్లా. మెత్తటి మనిషి. ఒక వారం ముందే విషయం ఇచ్చేవాడు, మరుసటి శనివారం ఎవరి అభిప్రాయం వాళ్లు లేచి చెప్పాలి. గ్రంథాలయం పొద్దుగూకేదాకా తెరిచి ఉంచాలా, పాఠాలు ఇంగ్లీషులో ఉండాలా తెలుగులో ఉండాలా, ఊరి బావి దగ్గర అందరినీ నీళ్లు తోడుకోనివ్వాలా, ఇలాంటివి. మగపిల్లలు బల్లలు గుద్ది మాట్లాడేవాళ్లు. జమ్మికుంట అబ్బాయి ఒకడుండేవాడు, విషయం ఏదైనా సరే, తిప్పితిప్పి హాస్టల్ పప్పు దగ్గరికే తెచ్చేవాడు. నీళ్లలో పప్పు వెతుక్కోవలసి వస్తున్నదని వాడి బాధ. వాడు లేచాడంటే తరగతంతా ముందే నవ్వేది.

మేము మాత్రం లేచేవాళ్లం కాదు. మొదటి సభలో సారు మాలో ఒకామెను అడిగితే, ఆమె లేచి నిలబడి ఏడ్చింది. అంతటితో సారే ఒక ఉపాయం చెప్పాడు, ఆడపిల్లలు చీటీ రాసిస్తే చాలునని. మా చీటీలు ముందు బెంచీ అబ్బాయి ఒకతను చదివేవాడు. పాపం, బాగానే చదివేవాడు. కాని చీటీతో ఒక చిక్కుంది. దానిమీద ఎవరైనా లేచి అడ్డం మాట్లాడితే అది తిరిగి జవాబు చెప్పలేదు. మాకూ నోట్లో నాలుక లేనట్టే కూర్చోవలసి వచ్చేది.

మా నాన్నది, మా బాపుది, శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో గనిపని. నేను కరీంనగర్‌లో చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. ఒక శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి అవ్వ గడపలో కూర్చుని ఉంది. మావైపు అమ్మను అవ్వ అనే అంటాం. చెప్పాపెట్టకుండా వచ్చింది. మంచిర్యాలలో రైలెక్కి, పెద్దపల్లిలో దిగి, అక్కడ బస్సు పట్టుకుని, జీవితంలో మొదటిసారి ఒక్కతే ప్రయాణం చేసి వచ్చింది. నాకు సంతోషంతో ఊపిరాడలేదు. అవ్వ మాత్రం నా మొహం చూడటం లేదు.

“మీ బాపు నిన్ను తోల్కరమ్మన్నడు బిడ్డా,” అంది. “ఎవలో పోయి చెప్పిండ్రట, పోరగాండ్లతోటి ఒక్క అర్రల కూసుంటున్నవని. సదువు సాలు, ఇంటికి రమ్మన్నడు.”

నేను రాను. ఆ రెండు మాటలే నా నోట రాలేదు. మా ఇంట్లో బాపు మాటకు ఎదురు చెప్పడమనేది ఎవరికీ తెలియదు. కూరలో ఉప్పు తక్కువైనా సరే, బాపు ఎక్కువైందంటే “అవ్, ఎక్కువైంది” అనే మనిషి మా అవ్వ. నేను లోపలికి వెళ్లి పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను. చిన్నమ్మ వచ్చి నెత్తి నిమిరింది.

మరునాడు కాలేజీకి అవ్వ నా వెంట వచ్చింది. పుస్తకాలు వాపసు ఇచ్చి, సారుతో ఒక మాట చెప్పి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోవాలి. గ్రంథాలయం మధ్యాహ్నం భోజనాలకు మూసి ఉంది. అవ్వను మా గదిలో కూర్చోబెట్టాను. ఇంతలో గంట కొట్టారు. పరదా బయట సారు దగ్గాడు. అలవాటు కొద్దీ మేము నలుగురం లేచాం. కాలేజీ అంటే ఇదే పద్ధతి కాబోలనుకుని అవ్వ కూడా లేచింది. కొంగు నెత్తిమీదికి లాక్కుని, చేతిసంచి చంకలో పెట్టుకుని, మా వెనకే నడిచి, మా బెంచీ మీదే, నా పక్కనే కూర్చుంది. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. మగపిల్లలు గుసగుసలు పెట్టారు. సారు కళ్లజోడు సర్దుకుని ఒకసారి చూశాడు, పెద్దావిడను లెమ్మనడానికి మనసొప్పలేదేమో, సభ మొదలుపెట్టాడు.

ఆ రోజు విషయం, ఆడపిల్లలకు కాలేజీ చదువు అవసరమా. నా చీటీ నేను గురువారమే ఇచ్చేసి ఉన్నాను. ముందు బెంచీ అబ్బాయి లేచి చదివాడు. “మా పక్కింటి ఆమె భర్త బొగ్గుబాయిలో చనిపోయాడు. తర్వాత ఎవరెవరో కాగితాలు తెచ్చారు. అన్నిటి మీదా ఆమె వేలిముద్ర వేసింది. వాటిలో ఏమున్నదో ఆమెకు ఈనాటికీ తెలియదు. చదువెందుకని అడిగేవాళ్లు వచ్చి ఆమెను అడగాలి.”

అవ్వ నా చెవి దగ్గరికి వంగింది. “గా పిలగానికి మన పక్కింటి ముచ్చట ఎట్ల తెలుసు?”

“అవి నా మాటలే అవ్వా. నేను రాసిస్తే ఆయన చదువుతుండు.”

“నీ మాట ఆయన చదువుడేంది? నీకేమైంది?”

నేను జవాబు చెప్పేలోగా వెనక వరసలో ఒకడు లేచాడు. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చేవాడు. “ఒక్కామె సంగతి పట్టుకొని అందరికి చెప్తె ఎట్ల సార్? ఆమె కొడుకు చదువుకుంటె అయిపాయె. ఇంట్ల మొగపిల్లగాడొకడు చదివితె ఆ కాగితాలు వాడే చూస్తడు,” అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఎప్పటిలాగే నేను తల వంచుకున్నాను.

అవ్వ నా తొడమీద గిల్లింది. “ఆమెకు కొడుకేడున్నడే? చెప్పు.”

“మేము మాట్లాడం అవ్వా.”

“ఎవలద్దన్నరు?”

నిజమే, ఎవరూ వద్దనలేదు. ఆ మాట నాకు అంతవరకు తట్టనేలేదు.

“నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?” అంటూ అవ్వ బెంచీ పట్టుకుని సగం లేచింది. అబద్ధమెందుకు, నేను ధైర్యం వచ్చి లేవలేదు. అవ్వ లేచి మాట్లాడుతుందన్న భయంతో లేచాను.

“ఆమెకు కొడుకులు లేరు,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. “ఇద్దరు ఆడపిల్లలే. మరి ఆమె ఎవల్ని అడగాలె?”

కూర్చుందామనుకున్నాను. “ఇంకా చెప్పమ్మా,” అన్నాడు సారు, ఎంతో నెమ్మదిగా. ఆ నెమ్మదికే నాకు దుఃఖం పొంగుకొచ్చింది. నేను చెప్పాలనుకోనిదంతా బయటికొచ్చింది.

“ఇయ్యాల నన్ను సదువు మాన్పిచ్చి తోల్కపోనీకె మా అవ్వ వచ్చింది సార్. ఇగో, ఈమెనే. రాత్రి నుంచి చెప్దామంటె నోరొస్తలేదు. నాకు పోబుద్ధి అయితలేదు.”

కూర్చున్నాను. ఇస్త్రీ చొక్కా అబ్బాయి తన బల్లకేసి చూస్తున్నాడు. జమ్మికుంట అబ్బాయి వంతు వస్తే, ఇయ్యాల నేనేం చెప్పను సార్ అని కూర్చుండిపోయాడు. అవ్వ నావైపు తిరగలేదు. నా చెయ్యి పట్టుకుని తన ఒళ్లో పెట్టుకుంది, సభ అయిపోయేదాకా వదల్లేదు. బొగ్గుల పొయ్యి ఊది, అంట్లు తోమి మొరటుదేలిన చెయ్యి అది.

పుస్తకాలు వాపసు ఇవ్వలేదు. సాయంత్రం బస్టాండుకు అవ్వను నేనే తోడ్కొని పోయాను. పెద్దపల్లి బస్సు వచ్చి నిలబడింది.

“బాపుకేం చెప్తవవ్వా?”

“రైల్ల కూసొని సోంచాయిస్త,” అంది, ఆలోచిస్తానని. ఎక్కబోతూ ఆగింది. “జర భయమైతున్నది బిడ్డా,” అంది. మా అవ్వ నాతో భయమైతున్నదని అనడం నేనెన్నడూ వినలేదు. సంచి అందించాను. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, ఇంటికి ఏడుస్తూ వచ్చాను.

తరువాత ఎన్నాళ్లకూ కబురు లేదు. పరదా బయట ఎవరు దగ్గినా బాపే వచ్చాడేమోనని నా గుండె జారేది. చివరికి ఒక ఆదివారం వచ్చాడు. చిన్నమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని, నేనిచ్చిన నీళ్లు తాగాడు. బాయిలో పనిచేసేవాళ్ల కళ్లకింద మసి కడిగినా పోదు. ఆ కళ్లు ఆ రోజు బాగా లోపలికి పోయి ఉన్నాయి.

“మీ అవ్వ ఒక్కతే తిరిగి వచ్చింది,” అన్నాడు. “బిడ్డ ఏది అంటె, తేలే అన్నది. ఎందుకు తేలేవంటె, దానికి పోబుద్ధి అయితలేదు, నాకు తేబుద్ధి కాలేదు అన్నది. నేను మస్తు కోపానికి వచ్చిన. ఎదురు మాట్లాడుతున్నవా అన్న. గంతే. ఆనాటి సంది నాతోటి మాట్లాడుడే బంద్ చేసింది. అన్నం పెడుతది, ముంగట కూసోదు.”

నేను అరుగు కింద నిలబడి వింటున్నాను. బాపు భుజంమీది తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాడు.

“నువ్వు సదువుకో బిడ్డా,” అన్నాడు. “బాయిల దినమంతా చీకట్లనే ఉంట. ఇంటికొస్తె ఆమె ముచ్చటన్న వినపడాలె గదా.”