కేబుళ్ల వదిన

మా వదినకు ఒక్కటే పిచ్చి. ఎవరి చేతిలో కేబుల్ కనిపించినా దాని పుట్టుపూర్వోత్తరాలు తేల్చనిదే వదలదు. మా అన్నయ్యను చేసుకునే ముందు కూడా అంత ఆరా తీసి ఉండదు.

ఒకసారి మా ఆయన మామూలుగానే అడిగారు, పాపం.

“చెల్లెమ్మా, ఒక కేబుల్ ఇస్తావా?”

“దేనికన్నయ్యగారూ? ఛార్జింగుకా, ఫైళ్లు ఎక్కించడానికా, స్క్రీన్ మీద బొమ్మకా?”

“ఫోను చచ్చిపోతోందమ్మా!”

“చచ్చిపోయేది ఎన్ని వాట్ల ఫోను?”

ఆవిడ సొరుగంతా వెతికి తగిన కేబుల్ తెచ్చేసరికి ఫోను కన్నుమూసింది.

ఇంకోసారి అన్నయ్య వీడియోలు కంప్యూటర్లోకి ఎక్కిస్తుంటే ఆపించింది. “ఇది ఛార్జర్‌తో వచ్చిన కేబుల్. దీంతో సాయంత్రం దాకా పాకుతుంది.” వేరేది పెట్టింది. అన్నయ్య టీ తాగేలోపు పనైపోయింది.

“రెండూ ఒకేలా ఉన్నాయి కదే!”

“మూతి చూసి మోసపోకండి. గుణమంతా లోపలి తీగల్లో ఉంటుంది.”

అమ్మ ఆవిడ పక్షం చేరనంతవరకూ ఇదంతా నాకు నవ్వులాటే. ఆ ఇంట్లో పుట్టింది నేను. బల్బు మార్చాలన్నా, రేడియో విప్పాలన్నా నన్నే పిలిచేవారు. ఇప్పుడు దేనికైనా అమ్మ నోట ఒకటే మాట: “కోడల్ని అడుగు.” పైకి నవ్వేదాన్ని, లోపల కుతకుత ఉడికిపోయేదాన్ని.

అందుకే ఈసారి పుట్టింటికి వెళ్లేటప్పుడు సొంతంగా ఒక కేబుల్ కొన్నాను. లావుగా, అల్లిక తొడుగుతో నిగనిగలాడుతోంది. మేం మారిన కొత్త ఇంటి ఫొటోలు అమ్మకు పెద్ద స్క్రీన్ మీద నేనే చూపించాలి. ఒక చివర ల్యాప్‌టాప్‌కు, రెండో చివర హాల్లో మానిటర్‌కు. రెండూ టైప్-సి. చక్కగా దూరాయి. స్క్రీన్ మీద మాత్రం బొమ్మ లేదు. ఆ నల్లటి అద్దంలో నా మొహమే కనిపించింది.

వదిన వచ్చి కేబుల్ చూసింది. “ఇది ఛార్జింగుది. బొమ్మ రాదు.”

“ఇంత లావుగా ఉంది కదా!”

“లావుదేముంది, వీడియో మోసే తీగలుండాలి. అసలు నీ ల్యాప్‌టాప్‌లో కూడా ఈ కన్నం కాదు, ఆ పక్కది.”

ఆవిడ తన కేబుల్ పెట్టింది. ఫొటోలు టక్కున వచ్చేశాయి. అమ్మ కిటికీ దగ్గర, మా వైపు వీపు పెట్టి బట్టలు మడతపెడుతోంది. నా ఉక్రోషమంతా అమ్మ మీద వెళ్లగక్కాను.

“అమ్మా! నీకు కోడలే ఎక్కువ! ఇంక నేను రావడమెందుకు?”

అమ్మ తిరగలేదు. తీరిగ్గా ఇంకో తువ్వాలు అందుకుంది.

“చూశావా వదినా, జవాబు కూడా చెప్పదు!”

వదిన నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది. “ఆవిడకి వినపడలేదు. కొన్నాళ్లుగా అంతే. నువ్వు కంగారుపడతావని, చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నారు.”

“రోజూ వీడియో కాల్లో బాగానే మాట్లాడుతోందిగా?”

“పెదాలు చూసి పోల్చుకుంటారు. ఫోన్లో అంత చిన్న మొహం కనిపిస్తే ఏం తెలుస్తుంది? అన్నిటికీ ‘సరే, సరే’ అని పెట్టేసేవారు. నిన్ను పెద్ద స్క్రీన్ ఎక్కించడానికి నానా తిప్పలూ పడ్డాను. కొన్ని కేబుళ్లకి బొమ్మే రాదు. వచ్చేది దొరికితే, ఆవిడ ఫోను బొమ్మని బయటికి పంపదు. చివరికి నా ఫోను ఆవిడకిచ్చి, ఆవిడది నేను తీసుకున్నా.”

కాల్లో అమ్మ కన్నార్పకుండా నన్నే చూస్తూ వింటుంటే, అదంతా ముద్దనుకుని మురిసిపోయేదాన్ని. ఇంత మంచి వదిన మీద ఇక ఎలా కుళ్లుకోవాలో తెలియలేదు. అందుకని మరికాస్త కుళ్లుకున్నాను.

హాల్లోకి వెళ్లి అమ్మ ఎదురుగా కూర్చున్నాను. పెదాలు బాగా కదుపుతూ అన్నాను: “నీకు... కోడలే... ఎక్కువ!”

అమ్మ శ్రద్ధగా చూసింది.

“గొడుగులెక్కడా? తలుపు వెనకాలున్నాయి. ఇంట్లో కూర్చుని గొడుగెందుకే నీకు?”

వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది. నేను మాత్రం బుద్ధిగా లేచి వెళ్లి, గొడుగు తెచ్చుకున్నాను.