నలభై రెండు కిలోల మేనకోడలు

కాఫీ కొట్టు ముందునుంచి పోవాల్సి వస్తే షాఫ్రిజాల్ ఇప్పటికీ తల దించుకునే పోతాడు. ఒకప్పుడు ఆ కొట్టులో అతని గొంతే పెద్దది. పగలు మోటారుసైకిళ్ళు బాగుచేసేవాడు, సాయంత్రం మసీదు వెనక ఖాళీ జాగాలో పిల్లలకి సిలాట్ అనే పోరు సాము నేర్పేవాడు. వయసులో ఉండగా తనూ పోటీలకి దిగాడు గానీ ఒక్క పతకమూ దక్కలేదు. ఆ కొరత చెల్లెలు అస్నిమార్ కూతురు యెల్వి తీర్చింది. పద్నాలుగేళ్ళ పిల్ల, నలభై రెండు కిలోల లోపు విభాగంలో జిల్లా బంగారం తెచ్చింది. ఇక మేనమామ నోటికి మూత లేదు. వచ్చే ఏడూ ఇదే విభాగం, ఇదే బంగారం, రాసి పెట్టుకోండి అన్నాడు కొట్టులో అందరి ముందూ. ఆ మాటే కొంప ముంచింది.

ఏడాది తిరిగేసరికి యెల్వి నలభై ఆరు తూగింది. పిల్ల ఎదిగింది, అంతే. రోజూ కొండ పొలాలకి ఎక్కి దిగే కాళ్ళు, రెండు పూటలా సాము, ఒళ్ళు గట్టిపడింది. కళ్ళున్నవాడికెవడికైనా కనబడేదే. షాఫ్రిజాల్‌కి మాత్రం కాటా మీది అంకె తప్ప ఏమీ కనబడలేదు. పై విభాగంలో దింపవచ్చు. కానీ అక్కడ గెలుపు ఖాయం కాదు, కొట్టులో అన్న మాట పోతుంది.

ఆ ఊళ్ళో ఇల్లు ఆడవాళ్ళది, పెత్తనం మేనమామది. పెళ్ళాం ఇంట్లో మొగుడు మొద్దు మీది బూడిద, గాలొస్తే ఎగిరిపోతాడని అక్కడివాళ్ళే ఎగతాళి చేస్తారు. కనక షాఫ్రిజాల్ నేరుగా చెల్లెలి వంటింట్లోకి వెళ్ళి పిల్లకి అన్నం బంద్ అన్నాడు. ఉడికించిన వంకాయ, ఒక గుడ్డు, అంతే. మాంసం వండిననాడు పిల్లని పరుగుకి తోలాడు, అదీ మిట్టమధ్యాహ్నం, చెమటకి బరువు దిగాలని వానకోటు తొడిగించి. తండ్రి బుస్తమామ్ ఒకసారి మరీ ఇంత ఎండలోనా అని గొణిగితే, పిల్లే కిక్కురుమనడం లేదు, కందకు లేని దురద కత్తిపీటకెందుకని నోరు మూయించాడు.

మూడు నెలలు అలా నడిచింది. మామయ్య తలెత్తుకు తిరగాలన్నదే ఆ పిల్ల పట్టుదల. పోటీకి వెళ్ళే బస్సులో మంచినీళ్ళు కూడా మానేసి, నోట్లో ఊరే ఉమ్మి మింగకుండా ప్లాస్టిక్ సంచిలో ఉమ్ముతూ కూర్చుంది. పక్క సీట్లో కూర్చుని ఆ సంచి పట్టుకున్నది మేనమామే. పైగా గర్వపడ్డాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా అతని ఒళ్ళు చచ్చిపోయేది ఆ గర్వం గుర్తొచ్చినప్పుడే.

తెర వెనక తూచినావిడ వంద గ్రాములు తక్కువే ఉందంది. అతను పొంగిపోయాడు. గంట తర్వాత, అవతలి పిల్ల ఇంకా చెయ్యి ఎత్తనే లేదు, యెల్వి మోకాళ్ళు ముడుచుకుపోయి మ్యాట్ మీద కూలబడింది.

వైద్యం గుడారంలో ఒక పడుచు డాక్టరమ్మ పిల్ల భుజాలూ తొడలూ తడిమి చూసి, నెలసరి సరిగ్గా వస్తోందా అని అడిగింది. మేనమామ చెవిన పడకూడని మాట అది. షాఫ్రిజాల్ బయటికి పోబోతే, మీరూ వినండి అంది.

"రెండు నెలల్నుంచీ లేదండీ" అంది యెల్వి కళ్ళు దించుకుని.

"పెద్దాయనా, ఈ పిల్ల ఒంట్లో కరిగించడానికి కొవ్వెక్కడుంది? మీరు కరగబెట్టింది కండ. ఎదిగే పిల్ల బరువు పెరగక ఏం చేస్తుంది?"

చుట్టూ నాలుగూళ్ళ గురువులున్నారు. అందరికీ వినబడింది. వాళ్ళ మాట అలా ఉంచితే, యెల్వి అతని చెయ్యి పట్టుకుని, "మామయ్యా, నీ పరువు తీసేశాను" అంది. చెప్పుతో కొట్టినా అతనికి అంత సిగ్గనిపించేది కాదు.

ఇంటికి తీసుకొచ్చాక అస్నిమార్ నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. చాప పరిచి కూతురికి అన్నం, మాంసం వడ్డించింది. యెల్వి అన్నంలో చెయ్యి పెట్టి, మేనమామ మొహంలోకి చూసింది.

"ఎంత తినను మామయ్యా?"

కడుపునిండా తిను తల్లీ అన్నాడు. ఆ పిల్ల ముద్ద కలిపి, అందులో సగం తీసి కంచంలో పెట్టేసి, మళ్ళీ అతనికేసే చూసింది. తినమని ఇంకోసారి చెప్పాడు. ఆ సగం ముద్ద చేతిలోనే ఉంది.

గోడవారన కూర్చున్న బుస్తమామ్ లేచాడు. పదహారేళ్ళుగా ఆ ఇంట్లో చుట్టంలా మసలినవాడు.

"బావా, నువ్వు ఎదురుగా ఉన్నంతసేపూ అది తినదు. బయటికి వెళ్ళు."

మేనమామని చెల్లెలింట్లోంచి పొమ్మన్న ఇంటల్లుడు ఆ ఊళ్ళో అంతకుముందు లేడు. షాఫ్రిజాల్ చెల్లెలికేసి చూశాడు. ఆమె పిల్ల కంచంలో ఇంకో గరిటె అన్నం వేస్తోంది, తలెత్తలేదు. అతను మెట్లు దిగి చెప్పులేసుకున్నాడు. వాకిలి దాటకముందే లోపల యెల్వి ఇంకాస్త కూర వెయ్యమని అడగడం వినబడింది.