రెండో కుండ చేపపిల్లలు

ఉసూర్ సంతలో తడి తవుడు వాసన తగిలితే నాకు బాసగూడలో మా చేపల కుంట గుర్తొస్తుంది. దాన్ని అమ్మే స్వయంగా తవ్వింది. నాకు ఏడేళ్లప్పుడు ఆమె రెండు కుండల చేపపిల్లలు తెచ్చింది. ఒక కుండ మా కుంటలో వదిలి, రెండోది పక్కనున్న పిన్ని కుంటలో పోసి రమ్మని నాకిచ్చింది. మన చేపలు వాళ్లకెందుకని దాన్నీ మా కుంటలోనే కుమ్మరించి, పోసొచ్చానని అబద్ధమాడాను.

రెండు నెలలైనా అవి వేలెడే ఉన్నాయి. ఒకరోజు పొద్దున్నే అన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే, ఆకలేమోనని దోసిళ్లకొద్దీ తవుడు చల్లాను. మర్నాటికి కొన్ని చచ్చి తేలాయి. ఏడుస్తూ అమ్మకు నిజం చెప్పాను.

"ఆకలి గాదే బిడ్డా, ఇరుకైతే వాటికి ఊపిరాడదు. నువ్వేసిన తవుడు కుళ్లి నీళ్లు ఇంకా చెడినయ్."

"అన్నీ సచ్చిపోతయా అమ్మా?"

"ఎందుకు సస్తయ్? కుండ పట్టు."

అమ్మ కొంగు నడుముకు దోపి నీళ్లలోకి దిగింది. ఆమె వలతో పట్టి ఇస్తుంటే, నేను పిన్ని కుంటకు మోశాను. భుజాలు లాగేస్తున్నా పొద్దుగూకేదాకా ఆగలేదు.

వరికోతల నాటికి రెండు కుంటల్లోనూ చేపలు జానెడు దాటాయి.

ఇప్పుడు నాకూ ఓ కుంట ఉంది. చేపపిల్లలు అమ్మేవాళ్లు ఇంకొన్ని వేసుకోమంటే వద్దంటాను. ఆ రోజు నామీద కోప్పడే తీరిక అమ్మకు లేదనుకున్నాను. బతికించాల్సినవి ఎదురుగా ఉంటే ఆమె కోపాన్ని పక్కనపెట్టేదని తర్వాత తెలిసింది.