మగ్గం గుంత

ఆదోనిలో పత్తి మిల్లులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో ప్రభుత్వాన్ని ఏకిపారేస్తూ ఒక నవల రాశాను. అచ్చు కాకముందే పోలీసులకు తెలిసిపోయింది. కాగితాలు సంచిలో కుక్కుకుని బస్సెక్కి, ఎమ్మిగనూరులో మగ్గం నేసే అక్క ఇంటికి పోయాను. సొంత అక్క కాదు, అమ్మ స్నేహితురాలి కూతురు. ఆమె ఒక్క ప్రశ్న అడగలేదు. మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంతలో అడుగున కాగితాలు పరిచి, పైన గోనెపట్ట వేసి, కూర్చుని నేయడం మొదలుపెట్టింది.

మర్నాడు పోలీసులు వచ్చి ఇల్లంతా తిరగేశారు. గడప తొక్కిన ప్రతివాళ్లకూ లేచి చెంబుతో నీళ్లిచ్చే మనిషి, ఆరోజు కదల్లేదు.

"నీళ్లు ఆడ కడవలో ఉండాయి సారూ, ముంచుకోండి. నేను లేస్తే పోగు తెగుతాది" అంది.

మనిషి లేస్తే పోగెందుకు తెగుతుంది? మగ్గం సంగతి తెలియనివాళ్లు కాబట్టి నమ్మారు. నన్ను జైల్లో వేశారు గానీ నవల బతికింది.

ఆ నవలే తర్వాత నన్ను ఎమ్మెల్యేను చేసింది, మంత్రిని చేసింది, చివరికి రాయబారిగా పరదేశం పంపింది. సూటూబూటూ వేసుకుని బాగానే వెలిగాను లెండి. మా వైపు ఒక టీచరమ్మ ఏదో రాసినందుకు పోలీసులు ఆమె కోసం వెతుకుతున్నారట కదా అని అక్కడి విలేకరులు అడిగారు. "మా దేశంలో రాసినందుకు ఎవరి వెంటా పోలీసులు పడరు" అన్నాను. నోరు తడబడనైనా లేదు. సిగ్గులేని నోరు.

పదవి అయిపోయాక, పోయిన నెల ఎమ్మిగనూరు వెళ్లాను. దారిపొడుగునా ఒకటే దిగులు, అక్క ఆ మాట విని ఉంటుందా అని. ఆమె నన్ను కాదంటే ఇక నాకు ఊరే లేదు.

అక్క మగ్గం దగ్గరే ఉంది. తల ముగ్గుబుట్టయింది. నన్ను చూడగానే ముఖం వికసించింది.

"వచ్చినావాప్పా! ఇట్ల సిక్కిపోయినావే! ఆ దేశంలో కూడు పెట్టలేదా యేమి?"

నాకు ఏడుపొచ్చింది. "టీవీలో నా మాట విన్నావా అక్కా?" అన్నాను.

"విన్నాలే. నీ ఉద్యోగం అట్ల పలికించింది. యేం జేస్తావు పాపం."

గుండె మీద బరువు దిగింది. అప్పుడు గాని దాహం గుర్తు రాలేదు. "మంచినీళ్లు ఇయ్యక్కా" అన్నాను.

నేత ఆగింది. ఆమె పాదాలు మాత్రం గుంతలోంచి కదల్లేదు.

"కడవ ఆడ ఉండాది, ముంచుకో నాయనా" అంది, నా వైపు చూడకుండా. "నేను లేస్తే పోగు తెగుతాది."

ముంచుకుని నిలబడే తాగాను. గుంతలో ఎవరి కాగితాలున్నాయని అడగలేదు.