తరవాణి కుండకు వేసిన సీలు

అనకాపల్లి జిల్లాగా మారిన మరుసటి ఏడు, వేసవి మొదట్లో, నన్ను అక్కడికి ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌గా బదిలీ చేశారు. మాది కర్నూలు వైపు, జొన్నరొట్టెతో పెరిగిన నోరు. సర్వీసు ఇంకా రెండేళ్లే మిగిలింది. రూలు పుస్తకం నాకు కంఠతా వచ్చు. ఆ సంగతి నలుగురికీ తెలియాలన్న యావ కూడా ఉండేది.

చేరిన వారానికే ఒక ఫిర్యాదు వచ్చింది. ఎలమంచిలి వెళ్లే రోడ్డులో నూకరత్నం అనే ఆవిడ నడిపే ఇంటి భోజనం హోటల్లో, రోజుల తరబడి కుండలో నిల్వ ఉంచిన పులిసిన నీళ్లు జనానికి పోస్తున్నారని దాని సారాంశం. అటెండరు అప్పల్రాజును వెంటబెట్టుకుని ఉదయమే వెళ్లాను.

వంటగదికి వంక పెట్టడానికి లేదు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గోడకు ఉంది, గిన్నెలన్నిటికీ మూతలున్నాయి, పనసపొట్టు కొట్టే ఆవిడ తలకు గుడ్డ కట్టుకుంది. వెనక వసారాలో మాత్రం కుదురు మీద పెద్ద మట్టికుండ, మూతికి తెల్లగుడ్డ. గుడ్డ తీస్తే పుల్లటి వాసన గుప్పుమంది. లోపల పలచటి తెల్లనీళ్లు. ఎప్పటివని అడిగాను.

“కుండ మా అత్తకాలం నాటిదండి. నీళ్లు రోజూ పోత్తాం, రోజూ తీత్తాం. ఎప్పుడూ పూర్తిగా కాళీ సెయ్యం” అంది నూకరత్నం.

పారబోయమన్నాను. ఆవిడ వెళ్లి కుండకు అడ్డంగా నిలబడింది. యాభై దాటిన మనిషి. గొంతు పెంచలేదు.

“ఇది పారబోత్తే మళ్లీ ఈ రుసి రాదు బాబూ. పొద్దున్నే వచ్చేవోళ్లంతా దీనికోసమే వత్తారు. పులిత్తే పాడైపోయినట్టని మీ పుస్తకంలో ఉంటే, మరి పెరుగు సంగతేటి?”

కోపంగా అప్పల్రాజు వైపు తిరిగి, ఇదేమిటని అడిగాను.

“తరవాణి అండి. మాకవరపాలెంలో మా ఇంట్లో ఇది తాగే పెరిగేను” అన్నాడతను, నేల చూస్తూ. బియ్యం కడిగిన నీళ్లూ గంజీ రోజూ కుండలో పోసి పులియబెడతారని, ఆ పులుపులో రాత్రి అన్నం నానేసి పొద్దున్నే తింటారని అప్పుడు తెలిసింది.

వెనక్కి తగ్గడం ఇష్టం లేదు, పారబోయించే ధైర్యమూ చాల్లేదు. చట్టంలో మధ్యదారి ఒకటుంది. అనుమానం ఉన్న పదార్థానికి సీలు వేసి యజమాని దగ్గరే ఉంచి, నమూనాను ఫుడ్ అనలిస్టుకు పంపాలి. అనలిస్టు అంటే ల్యాబ్‌లో పరీక్షించి తేల్చి రాసే అధికారి. ఆయన నివేదికకు పద్నాలుగు రోజుల గడువు. నమూనా తీసి ఐసు పెట్టెలో పెట్టించి, కుండ మూతికి దారం చుట్టి లక్క పోయబోతుంటే ఆవిడ మళ్లీ అడ్డుపడింది.

“రోజూ గంజి పడకపోతే ఇది సచ్చిపోద్దండి. మీ రిపోర్టు మంచిగా వచ్చినా అప్పటికి నాకేటి మిగులుద్ది?”

దీనికి ఏ పుస్తకంలోనూ నిబంధన లేదు. రోజూ ఉదయం ఏడింటికి నేనే వచ్చి సీలు తీసేలా, నా ఎదుటే ఆవిడ గంజి పోసేలా, మళ్లీ నేనే సీలు వేసేలా, నివేదిక వచ్చేదాకా ఎవరికీ వడ్డించకుండా ఉండేలా పంచనామాలో రాశాను. మా పై అధికారి చదివి, కుండకు కాపలా ఉద్యోగం ఎప్పుడొచ్చిందని నవ్వి సంతకం పెట్టారు.

అలా రోజూ వెళ్లాను. ఆవిడ బియ్యం మొదటి కడుగు పారబోసి రెండోదే కుండలో పోసేది. ఉప్పు కుండలో పడనిచ్చేది కాదు. నాలుగో రోజు నేను లోపలికి వంగి చూడబోతే, “సెయ్యి పెట్టకండి బాబూ, తెడ్డుంది” అంది. ఊరందరికీ నేను చెప్పాల్సిన మాట అది. సిగ్గుపడ్డాను. అటు ముందు గదిలో పొద్దుటి బల్లలు ఖాళీ అవుతూ వచ్చాయి. జనం తరవాణి ఉందా అని అడిగి, లేదంటే వెళ్లిపోయేవారు. పదో రోజు నూకరత్నం గంజి పోసి, నా వైపు చూడకుండానే లోపలికి వెళ్లింది.

పన్నెండో రోజు, శనివారం, నివేదిక వచ్చింది. హాని చేసే సూక్ష్మజీవులు లేవు. అవి బతకలేనంత పులుపు ఉంది. ఆహారం సురక్షితం. నన్ను తప్పని తేల్చిన ఆ కాగితాన్ని పట్టుకుని, ఏదో పతకం గెలిచినవాడిలా ఆ సాయంత్రమే పరుగెత్తాను. ఆవిడ ఎదుట చదివి సీలు తీశాను. ఆవిడ కుండ మూతికి మళ్లీ తెల్లగుడ్డ కట్టింది. తర్వాత రాత్రికి నానేసే అన్నం వండించడానికి లోపలికి వెళ్లింది.

తనిఖీలో ఉన్న అధికారి ఆ హోటల్లో తినకూడదన్నది నేను పెట్టుకున్న పద్ధతి. మర్నాడు ఆదివారం, సెలవు. వెళ్లేసరికి కూర్చోవడానికి చోటు లేదు. కబురు ఎవరు చేరవేశారో అప్పల్రాజును చూస్తే తెలిసింది. ఒక బల్ల పట్టుకుని కూర్చున్నాడు. ఆఫీసులో నా ఎదుట ఎన్నడూ కూర్చోని మనిషి, జరిగి నాకు చోటిచ్చాడు. తరవాణి అన్నం, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, పక్కన ఆవ పెట్టిన పనసపొట్టు కూర. మొదటి ముద్దకే ఒళ్లు చల్లబడింది.

నూకరత్నం తెడ్డు పట్టుకుని వచ్చి నిలబడింది. “ఇప్పుడు సెప్పండి బాబూ. పారబొయ్యమంటారేటి?”

ఇంకొంచెం పోయమన్నాను. చుట్టూ బల్లలన్నీ నవ్వాయి, నేనూ నవ్వాను.

మా పనిలో వాసన ఒక ఆధారమే, తీర్పు కాదు. ఎలా చేస్తారని ముందు అడగాలి, కలం తర్వాత తీయాలి. మిగిలిన రెండేళ్లూ ప్రతి వంటగదిలో ఆ వరసే పాటించాను.