లోలా పోయిందనుకున్న గుడ్‌ఫ్రైడే

ఆ రోజుల్లో నాకు భయం ఎక్కువ, ఆగి ఆలోచించే ఓపిక తక్కువ. ఏదైనా సగం చూసి, మిగతా సగం నేనే కల్పించుకుని ఏడ్చేసేదాన్ని. (మా వారు "ఆ రోజుల్లోనేనా?" అంటారు. ఆయన మాట పట్టించుకోకండి.) దేశం కాని దేశంలో, షామ్‌బర్గ్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరి, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒక నర్సు ఆంటీ ఇంట్లో మేడమీద గది అద్దెకు తీసుకున్నాను. ఆవిడ ఎప్పుడు చూసినా డ్యూటీలోనే. ఇంట్లో ఉండేది వాళ్లమ్మ. వాళ్ల భాషలో అమ్మమ్మని లోలా అంటారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. పిట్టంత మనిషి. నేను నీచు ముట్టనని విడిగా పెసలు ఉడకబెట్టి, వీధి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని నా కోసం ఎదురుచూసేది. లోపల అడుగు పెట్టగానే "తిన్నావా?" అనేది. ఆ ఊళ్లో నన్ను ఆ మాట అడిగే మనిషి ఆవిడొక్కతే.

ఆ గుడ్‌ఫ్రైడే నాడు ఆఫీసు మధ్యాహ్నమే వదిలేశారు. ఇల్లు చేరేసరికి మబ్బు కమ్మి పట్టపగలే చీకటిగా ఉంది. లోపల టీవీ మోగడం లేదు, వంట వాసన లేదు, లోలా కుర్చీ ఖాళీ. హాల్లో మేరీమాత దగ్గర్నుంచి బాలయేసు దాకా విగ్రహాలన్నిటికీ నిలువునా ఊదారంగు గుడ్డలు కప్పేశారు. ముఖాలు కనపడకపోయినా అవన్నీ నన్నే చూస్తున్నట్టనిపించింది. కింద బేస్‌మెంట్‌లోంచి ఆడవాళ్ల గొంతులు, ఊపిరి కూడా తీసుకోకుండా ఒకటే సాగదీత రాగం. అచ్చం శోకాలు పెడుతున్నట్టే. "లోలా!" అని పిలిచాను, పలుకు లేదు. మెట్ల మీంచి వంగి చూశాను. నల్లబట్టలు, నల్ల ముసుగులు, కొవ్వొత్తులు. మధ్యలో బల్ల మీద తెల్లదుప్పటి కప్పి, పూలు చల్లి, పిట్టంత మనిషి ఆకారం.

ఎలాగో పైకి పాకి, మోరిస్‌విల్‌లో ఉన్న నా కరీంనగర్ స్నేహితురాలికి ఫోన్ చేశాను.

"లోలా పోయిందే!"

"అయ్యో! ఎట్లనే? పొద్దున మంచిగనే ఉండెనా?"

"పెసలు నానబోస్తోందే..."

"శవాన్ని చూసినవా?"

"దూరంనుంచి."

"దూరమైతేంది, మైల మైలనే. ఏం ముట్టకు. కట్టుబట్టలతోటే తలస్నానం చెయ్యి, అటెన్క ఏడువు."

నేను రెండూ కలిపే చేశాను. నెత్తిమీద నీళ్లు పడుతుంటే "లోలా, లోలా" అంటూ ఎక్కిళ్లు పెట్టి ఏడ్చాను. ఉన్నట్టుండి కింద రాగం ఆగిపోయింది. నీళ్లు కట్టేసి చెవి రిక్కించాను. చెక్కమెట్ల మీద అడుగు. కాసేపు ఏమీ లేదు. మళ్లీ అడుగు. ఆ నడక నాకు బాగా తెలిసిన నడకే! తలుపు తీశాను. ఎదురుగా నల్లముసుగు వేసుకుని, కొవ్వొత్తి పట్టుకుని లోలా.

కెవ్వుమన్నాను. లోలా నాకంటే గట్టిగా కెవ్వుమంది. (తడిసిన తెల్ల చుడీదార్, నడుందాకా విరబోసిన జుట్టు. ఆవిడ తప్పేముంది?)

నర్సు ఆంటీ పరిగెత్తుకొచ్చి ఇంగ్లీషులో దులిపేసింది. "దేవుడు చనిపోయిన పూట స్నానమా? మూడు దాటితే ఈ ఇంట్లో ఎవరూ ఒంటిమీద నీళ్లు పోసుకోరు! నువ్వు ఆఫీసులో ఉన్నావనుకున్నాం. పైన నీళ్లచప్పుడు, ఏడుపు! ఈ పూట తిరిగే దెయ్యమేదో ఇంట్లో దూరిందని అందరూ బిగుసుకుపోతే, అమ్మ ఒక్కతే లేచింది." హాల్లో విగ్రహాలకి గుడ్డలు కప్పడం ఈ రోజుల్లో వాళ్ల ఆచారమట, కింద పడుకోబెట్టింది యేసు విగ్రహమట. ఆ రాగం ఆయన పడ్డ బాధల కథట.

"ఇంతకీ ఎవరి కోసం ఏడ్చావు?" అంది లోలా.

"మీ కోసమే. మీరు పోయారనుకున్నాను."

నవ్వకూడని రోజని ముసుగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ, భుజాలు ఆగలేదు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, "ఇక్కడ నేను పోతే అందరూ లీవు దొరకలేదంటారేమో, ఏడ్చేవాళ్లే ఉండరేమో అని దిగులుగా ఉండేది. ఇవాళ నా చెవులతో విన్నాను. చాలు" అంది. కూతుర్ని నేనుండగా ఆ మాటేమిటని కసురుతూనే ఆంటీ వాళ్లమ్మ ముసుగు సర్దింది.

ఇప్పుడు నాకు భయమూ తగ్గింది, తెలివీ పెరిగింది. ఎవరైనా పోయారని మెసేజ్ వస్తే నిజమో కాదో కనుక్కుంటాను, ఆనక క్యాలెండర్ చూసుకుంటాను, ఏడుపు సంగతి తీరిక దొరికినప్పుడు. చావని మనిషి కోసం అంతలా ఏడ్చిన ఆ తిక్కపిల్లంటేనే నాకు ఎక్కువ ఇష్టం.